మైకు ముందు మనిషి

కొత్త సౌండ్ మిక్సర్ ముందు కూర్చోగానే దస్తగిరి చేసిన మొదటి పని, దానికి తెల్ల టేపు అంటించడం.

పాత మిక్సర్‌కు ఏళ్ల తరబడి అలాగే అంటించాడు. ఒక్కో మైకుకు ఒక్కో మీట. మీట కింద టేపు. టేపు మీద తన చేతిరాత: "పాట", "డోలు", "షేక్ గారు". కళ్లు మూసుకున్నా చెయ్యి తప్పేది కాదు.

ఈ కొత్తదానికి మీటలు తక్కువ, మైకులు ఎక్కువ. పక్కనున్న బటన్ నొక్కితే అవే మీటలు ఇంకో వరుస మైకులకు పనిచేస్తాయి. ఆ సంగతి ట్రైనర్ ఇంగ్లీషులో గడగడా చెబుతుంటే అందరితో పాటు దస్తగిరీ తల ఊపాడు. అర్థం కాలేదని నలుగురిలో చెప్పుకుని నవ్వులపాలు కావడం దేనికి?

టేపు మీద "పాట" అని ఉన్న మీటను పైకి తోశాడు. లేచింది డోలు మైకు.

స్పీకర్లు కీచుమన్నాయి. సౌదీలో, అల్ ఖోబర్‌లోని ఆ శిక్షణ హాలంతా చెవులు మూసుకుంది. ట్రైనర్ నవ్వుతూ వచ్చి టేపు పీకేశాడు.

దస్తగిరికి నవ్వు రాలేదు. గురువారం పరీక్ష. నెగ్గితే కొత్త మిక్సర్ అతని చేతికి వస్తుంది. తప్పితే గోడౌన్‌లో కేబుళ్లు చుట్టుకుంటూ కూర్చోవాలి. కంపెనీ ఆ మాట మొహమాటం లేకుండా చెప్పింది.

మధ్యాహ్నం అందరూ కబ్సా అన్నం తినడానికి వెళ్లారు. దస్తగిరి ఒక్కడే మిక్సర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది భాయ్, ఆకలైతలేదా?"

తెలుగు వినబడి తలెత్తాడు. మైకు స్టాండ్ల పక్కన కుర్చీలో ఒక నడివయసు మనిషి. పొద్దున బల్లలన్నీ నిండాక వచ్చి అక్కడ సర్దుకున్నాడు. మెడలో బ్యాడ్జీ లేదు. మైకులు చూసుకోవడానికి మిక్సర్ అమ్మినవాళ్లు పెట్టుకున్న మనిషి కాబోలనుకున్నాడు దస్తగిరి.

పేరు నర్సింలు, ఊరు జగిత్యాల దగ్గర అన్నాడు ఆయన. తనది ప్రొద్దుటూరని చెప్పి దస్తగిరి మనసులో ఉన్నదంతా కక్కేశాడు. ఊరుగాని ఊళ్లో తెలుగు మనిషి దొరికితే నోరు ఊరుకుంటుందా?

"బేస్తవారం నేను తప్పితే నా సీట్లో ఇంకోడు కూచుంటాడంటన్నా. మనిషిని కూడా చూసి పెట్టుకున్నారంట. ఎవడో గాని, వాని మొగం నాకు చూపించొద్దని దువా చేస్తాండా."

నర్సింలు పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత లేచి ఒక మైకు ముందు నిలబడ్డాడు.

"నేను మాట్లాడుత, నువ్వు నా మీట పట్టు. ప్రతి మీట మీద సన్న తెర ఉన్నది, దాంట్ల పేరు సదువు. టేపు సంగతి మరిచిపో."

అలా మొదలైంది. నర్సింలు ఒక మైకులో ఉల్లిగడ్డలు అమ్మేవాడిలా అరిచేవాడు. ఇంకోదాంట్లో బస్టాండులో బస్సులు పిలిచేవాడు. మరోదాంట్లో, ఇంటి నుంచి భార్య జయ ఫోన్‌లో పెట్టే చీవాట్లు ఆమె గొంతుతోనే వినిపించేవాడు. మైకు మారినప్పుడల్లా దస్తగిరి వరుస మార్చి, పేరు చదివి, మీట పట్టుకోవాలి.

ఒకసారి ఉల్లిగడ్డలను తగ్గించబోయి జయ నోరు మూయించాడు.

"నాతోని కాని పని నువ్వు చేసినవ్ భాయ్" అన్నాడు నర్సింలు.

రెండో రోజుకు దస్తగిరికి ధైర్యం వచ్చింది. ధైర్యంతో పాటు పెత్తనమూ వచ్చింది. దగ్గరికి రా, గట్టిగా మాట్లాడు, మళ్లీ చెప్పు అంటూ ఆ పెద్దమనిషిని మైకు నుంచి మైకుకు పరుగులు పెట్టించాడు. మధ్యలో టీ కూడా తెమ్మన్నాడు. నర్సింలు నవ్వుతూ తెచ్చిచ్చాడు.

సాయంత్రం ట్రైనర్ ఒక్కొక్కరినీ మిక్సర్ దగ్గరికి పిలుస్తూ నర్సింలునూ రమ్మన్నాడు. తనకు మైకు చాలని, తన వంతు కూడా దస్తగిరికే ఇమ్మని ఆయన చెప్పాడు. మైకులు మోసేవాడికి మిక్సర్ ఎందుకులే అనుకుని దస్తగిరి ఆ వంతు కూడా వాడేసుకున్నాడు.

గురువారం వేదిక మీద పాట, ఊద్ వాద్యం, డోలు అన్నీ పెట్టారు. పాట మధ్యలో గాయకుడు తన మైకు వదిలేసి ఇంకో మైకు అందుకున్నాడు. దస్తగిరి వరుస మార్చి, పేరు చదివి, మీట పట్టుకున్నాడు. పాట ఎక్కడా తెగలేదు. ట్రైనర్ వచ్చి భుజం తట్టాడు.

దస్తగిరి కాళ్లు నేల మీద నిలవలేదు. వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. ఎవరు నేర్పారని భార్య సుల్తానా అడిగితే, కిందామీదా పడి తానే నేర్చుకున్నానన్నాడు. అన్నాక నాలుక్కరుచుకున్నాడు.

పరీక్ష హడావుడిలో నర్సింలు కుర్చీ వైపు చూడనే లేదు. ఇప్పుడు చూస్తే ఖాళీగా ఉంది.

గుమ్మం దగ్గర మేనేజర్ షాకీర్ కనిపించాడు. హైదరాబాద్ మనిషి. దస్తగిరి ఆయన దగ్గరికి పరుగెత్తాడు.

"షాకీర్ భాయ్, మైకుల కాడ నర్సింలని ఒకాయన ఉన్న్యాడు. ఈ మిక్సర్ అమ్మినోళ్లతో మాట్లాడి ఆయన్ను మన కంపెనీలోకి తీసుకోండి. బంగారట్లా మనిషి."

"తీసుకునుడేంది? మన తబూక్ బ్రాంచ్‌ల ఎప్పటిసందో చేస్తుండు కదా. రాత్రి నాకు ఫోన్ చేసి, దస్తగిరికి పని వచ్చేసింది, నన్ను పంపియ్ అన్నడు. పొద్దుగాల ఫ్లైట్‌కు పోయిండు. ఖోబర్‌కు బదిలీ చెయ్యుమని నా పానం తిన్న మనిషి, ఇప్పుడేమో తబూకే మంచిగున్నదంటడు."

దస్తగిరికి ఏమీ అర్థం కాలేదు.

"తబూక్ ఆయనకు ఈడేం పని భాయ్?"

షాకీర్ చెప్పాలా వద్దా అన్నట్టు అతని మొహంలోకి చూశాడు.

"నువ్వు తప్పితే నీ సీట్ల కూసుండనీకి నేను పిలిపించింది ఆయన్నే."