తిన్నని గీత

ఆసుపత్రి ల్యాబు గుమ్మం పక్కన కుర్చీలో ఆ పెద్దాయన మళ్లీ కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు.

కెమిస్టు చేతి నిండా గాజు గొట్టాలు. అసలే ఆవిడకు ముక్కు మీద కోపం.

"ఇక్కడ మీకేం పనండీ?"

"పై అంతస్తుకమ్మా. మెట్లెక్కే ముందు కాస్త ఊపిరి తీసుకుంటున్నా. అన్నట్టు, మీ గీత తిన్నగా వస్తోందా?"

మూడు నెలలకోసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా ఇదే ప్రశ్న.

"తిన్నగా వస్తే మీకేంటి, వంకరగా వస్తే మీకేంటి?" అంది. అంతలోనే జాలేసింది. "ఇదిగో నొప్పి మాత్ర. వేసుకోండి."

ఆయన మాత్రను జేబులో పెట్టుకున్నాడు. "కిందికొచ్చాక వేసుకుంటానమ్మా."

మంచికి పోతే చెడు ఎదురైందనుకుంది ఆవిడ. మర్నాడే కుర్చీ తీయించేసింది.

మూడు నెలలు గడిచాయి.

ఒక ఉదయం వార్డు నుంచి ఓ రోగి రక్తం వచ్చింది. షుగరు మనిషి. కిడ్నీలు మొరాయించి, మింగిన షుగరు మందు ఒంట్లోనే పేరుకుపోతోంది. ఎంత పేరుకుందో తేలితే గానీ ఏం చేయాలో డాక్టరు చెప్పలేడు. రోగి భార్య ల్యాబు గుమ్మంలోనే నిలబడిపోయింది. కూర్చుందామంటే కుర్చీ లేదు.

మందును కొలవాలంటే ముందు ఏ మందూ ఎరగని రక్తం కావాలి. అందులో లెక్క ప్రకారం మందు కలిపి, దానితో రోగి రక్తాన్ని పోల్చి చూడాలి. పై అంతస్తులోని బ్లడ్ బ్యాంకు నుంచి ఆ వారమే దాతల సంచులు నాలుగు వచ్చాయి. వాటి మీద పేర్లుండవు, అంకెలే.

మొదటి సంచి రక్తం యంత్రంలో పెట్టింది. మందు కనబడాల్సిన చోట, తెర మీది గీతలో చిన్న గుట్ట లేచింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. తలనొప్పికో జలుబుకో అందరూ ఏదో ఒకటి మింగే వచ్చినట్టున్నారు, ఆ మాత్రల గుట్టలే అడ్డొస్తున్నాయి. ఇక మిగిలింది ఒక్క సంచే.

నాలుగోది పెట్టింది.

గీత తిన్నగా సాగింది.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. వెంటనే డయాలసిస్ మొదలుపెట్టారు. సాయంత్రానికి గండం గడిచింది. రోగి భార్య ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

ఆవిడ ఉండబట్టలేక మెట్లెక్కి పైకి వెళ్లింది.

"సిస్టర్, ఆ నాలుగో సంచి దాతను ఒక్కసారి పిలిపించండి. దణ్ణం పెట్టుకోవాలి."

"ఆయన ఇంక రారు మేడం. అరవై అయిదు నిండాయి. మొన్నదే ఆఖరుసారి."

"అయ్యో! ఎవరాయన?"

"పేరు చెప్పకూడదు. 'నేను మాత్ర మింగితే కింద ఆ అమ్మాయి గీత వంకరపోతుంది' అని, ఎంత నొప్పున్నా ఓర్చుకుని, రక్తం ఇచ్చాకే మింగేవారు. మొన్న మాత్రం బాగా రొప్పుతూ వచ్చారు పాపం, మెట్ల దగ్గర కూర్చునే కుర్చీ ఎవరో తీయించేశారట."