అలమారలో పింగాణీ పిల్లి

ఒక ఇంటి అలమారలోకి పింగాణీ పిల్లి బొమ్మ వచ్చింది. పూర్వం అలమారల్లో పుస్తకాలుండేవి, ఆ మాట అలా ఉంచండి. యజమానురాలు రోజూ బొమ్మను తుడిచి మురిసిపోతుంటే, ఇంట్లోని అసలు పిల్లికి తన చోటు పోతుందని కాలు నిలవలేదు.

"దానిలో ఏముంది బావా?" అని గోడమీది బల్లిని అడిగింది.

"ఏమీ లేదు మరదలా. పరుపు చింపదు, కదలదు."

వెంటనే పిల్లి అలమార ఎక్కి, బొమ్మ పక్కన బిగుసుకు కూర్చుంది. తోక కొస మాత్రం అదురుతూనే ఉంది. సాయంత్రం యజమానురాలు పాలగిన్నెతో ఇల్లంతా తిరిగి పిలిచింది. అలమారలో వెతకాలని ఆవిడకు తోచలేదు. పిల్లి కదలలేదు. ఆవిడ విసిగిపోయి ఆ పాలు గుమ్మంలోకి వచ్చిన వీధి గండుపిల్లికి పోసింది.

గండుపిల్లి తాగి, మూతి నాక్కుంటూ అలమార వంక చూసింది.

"బొమ్మలు రెండూ బాగున్నాయి" అంది.