అద్దానికి అడ్డం

మొదటి చూపులోనే ఆ టోపీ మనిషి తండ్రికి నచ్చలేదు.

ఆసుపత్రిలో పరీక్ష గది అద్దాల కిటికీకి వీపు ఆనించి, గోడకు కొట్టిన మేకులా నిలబడ్డాడు. చెవులు మూసే ఉన్ని టోపీ. గదిలోకి చూడడు. వరండాలో కూర్చున్న వాళ్ళ ముఖాలే ఒక్కొక్కటిగా చూస్తాడు.

తండ్రి తాళాలు బాగుచేసే మనిషి. లోకంలో దొంగలు లేకపోతే ఆయన పొయ్యిలో పిల్లి లేవదు. అందుకే ఎవర్నీ నమ్మడు. ఏ తలుపు తెరిచి ఉందా అని వెతికే చూపు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. చేతిసంచిని చంకలోకి లాక్కున్నాడు.

లోపల కుర్చీలో ఆయన కూతురు ఉంది. తల్లి లేని పిల్ల. మొన్నటిదాకా పక్కింటి రేడియోతో పోటీపడి పాడేది. మెదడు జ్వరం వచ్చి, పోతూ పోతూ రెండు చెవులనూ పట్టుకుపోయింది.

చెవి లోపల మిషన్ పెడితే వినిపిస్తుందన్నారు. అయితే వినికిడి నరం బతికి ఉండాలి. పెట్టేది ఒక్క చెవికే. ఏ చెవి నరం బతికుందో ఈ రోజు తేల్చాలి.

ఎలా చేస్తారో డాక్టరు ముందే చెప్పాడు. కర్ణభేరి గుండా సన్నటి సూది దించి కొద్దిగా కరెంటు పంపుతారు. చప్పుడులాంటిది ఏదైనా తోస్తే పిల్ల వేలెత్తాలి. తోచకపోతే ఊరుకోవాలి. పిల్ల బెదిరితే సూది కదులుతుంది కాబట్టి, ఆమెకు కనిపించేలా తండ్రిని కిటికీ దగ్గర ఉండమన్నాడు.

ఆ కిటికీ దగ్గరే ఈ మనిషి.

ముందు కుడి చెవి. తండ్రి మునివేళ్ళ మీద లేచి టోపీ పక్కనుంచి చూశాడు. మిషన్ ముఖం కిటికీ వైపు, వీపు పిల్ల వైపు ఉంది. కరెంటు పంపినప్పుడల్లా దాని మీద ఎర్ర దీపం వెలుగుతోంది.

దీపం వెలిగింది. పిల్ల వేలు లేవలేదు. మళ్ళీ వెలిగింది. వేలు సగం లేచి, ఆగి, పూర్తిగా లేచింది. ఆ తర్వాత మళ్ళీ చాలాసేపు లేవలేదు.

తండ్రి టోపీ మనిషి భుజం తట్టాడు.

"కాస్త జరగండి," అన్నాడు.

టోపీ మనిషి ఆయన పెదాల వంక చూసి తల అడ్డంగా ఊపాడు. "మీరే అవతలికి వెళ్ళి కూర్చోండి." గొంతులో ఎత్తూ పల్లం లేదు.

"లోపలున్నది నా కూతురయ్యా."

"అందుకే. మీ ముఖం ఆ అమ్మాయికి కనపడకూడదు."

తండ్రికి ఒళ్ళు మండింది. నా ముఖానికేం వచ్చిందని నిలదీశాడు. అప్పటికే అతను అటు తిరిగిపోయాడు. ఎంత అడిగినా బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు.

తండ్రి నర్సు దగ్గరికి వెళ్ళాడు. జేబులు కొట్టేవాడిలా ఉన్నాడని చెప్పాడు, వచ్చిన ఆడవాళ్ళందరి ముఖాల్లోకీ చూస్తున్నాడని కూడా కలిపాడు. ఆమె ఉద్యోగంలో కొత్త. కాపలావాణ్ణి పిలిచింది.

రెక్క పట్టుకుని తీసుకుపోతుంటే టోపీ మనిషి వెనక్కి తిరిగాడు. తండ్రినే చూస్తూ తన తల కిందికీ పైకీ ఊపి, వద్దన్నట్టు చెయ్యి ఆడించాడు.

నీ సంగతి చూస్తానని బెదిరిస్తున్నాడనుకున్నాడు తండ్రి.

కిటికీ ఖాళీ అయింది. పిల్ల తండ్రిని చూసింది. ముఖం విప్పారింది.

ఇప్పుడు ఎడమ చెవి. దీపం వెలిగింది, వేలు లేచింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ లేచింది. ఒక్కటీ తప్పలేదు. పిల్ల కళ్ళు తండ్రి మీదనుంచి కదల్లేదు.

కుడి నరం అంతంతమాత్రం, ఎడమది భేషుగ్గా ఉందన్నాడు డాక్టరు. ఎడమ చెవికే ఆపరేషన్ చేశారు.

కుట్లు మానాక మిషన్ మొదలుపెట్టే రోజు వచ్చింది. డాక్టరు కొద్దికొద్దిగా పెంచుతూ పోయాడు. మాట్లాడమంటే తండ్రి కూతురిని చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచాడు. పిలుస్తూనే ఉన్నాడు.

పిల్ల ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది.

"మిషన్ పాడైనట్టుంది నాన్నా," అంది.

మిషన్‌కు ఏమీ కాలేదని డాక్టరు తేల్చాడు. పలకనిది నరమే. ఆ రోజు ఒక్కటీ తప్పకుండా ఎలా వేలెత్తిందో తనకు అంతుపట్టడం లేదన్నాడు.

తండ్రి వరండాలోకి వచ్చాడు.

అదే అద్దం. అదే టోపీ. లోపల ఎవరికో పరీక్ష. బయట ఒక ఇల్లాలు అతని భుజం పక్కనుంచి తొంగిచూస్తోంది.

ఎర్ర దీపం వెలిగింది. ఆమె తల ఊగింది.

మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఊగింది. తల ఊపుతున్నట్టు ఆమెకు తెలియదు.

తండ్రి చెయ్యి తన మెడ మీదికి పోయింది.

టోపీ మనిషి ఆయన్ను గుర్తుపట్టాడు. ఆయన ముఖం చూశాక అడగాల్సిందేమీ లేకపోయింది. టోపీ కొంచెం పైకి జరిపాడు. చెవి వెనక, పిల్లకున్న చోటే, పాత కోత మచ్చ. పైన తగిలించుకునే మిషన్ లేదు.

"మీ పరీక్షప్పుడు ఈ కిటికీ దగ్గర ఎవరున్నారు?" తండ్రి పెదాలు మెల్లగా కదిలాయి.

"మా ఆవిడ."

"మరి డాక్టరుతో చెప్పొచ్చుగా, ఈ అద్దానికి ఓ తెర కట్టేవాళ్ళు."

"చెప్తే ఆవిడ దాకా పోతుంది," అన్నాడు అతను, అద్దం ముందునుంచి కదలకుండానే. "మిషన్ పాడైందని చెప్పాను ఆవిడకి."