పేరు చెప్పే పైపు

విడిభాగాలకు మాటలొచ్చాక బెజవాడ ఆటోనగర్‌లో అన్ని అలవాట్లూ మారాయి, ఒక్కటి తప్ప. బానెట్ ఎత్తిన మెకానిక్ ముందు చేసినవాణ్ణి తిట్టి తీరాలి.

కనకవల్లి టీచరు పాత పెట్రోలు కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వణికిపోతోంది. మెకానిక్ జిలానీ ఇంజిన్ నడుస్తుండగానే పైపుల మీద సబ్బునీళ్లు చల్లాడు. ఒక్కచోట నీళ్లు లోపలికి పోయి చప్పుడు మారింది.

"వాక్యూమ్ పైపు గాలి పీలుస్తోందమ్మా. ముందు ఎవరు చేశారు?"

"పోయిన నెల ఏసోబు ఆయిలు మార్చాడు."

"అదీ సంగతి! వాడికి క్లిప్పు బిగించడం కూడా రాదమ్మా!" పక్క షెడ్డులో ఉన్న ఏసోబుకు వినపడేలాగే అరిచాడు.

టీచరు పైపును వేలితో తట్టింది.

"నన్ను చివరగా బిగించింది జిలానీ," అంది పైపు. ఇంజిన్ గోలలో అది వాళ్లిద్దరికే వినిపించింది.

జిలానీ చెవులు వేడెక్కాయి. ఇంతలో ఏసోబు కొత్త క్లిప్పు పట్టుకుని వచ్చాడు.

"ఆయిలు మారుస్తా నేనే కదిపానేమో అన్నా. ఇది వెయ్యి."

టీచరు జిలానీ వైపు చూసింది. అతను క్లిప్పు అందుకుని, తల బానెట్ కిందకి దూర్చి బిగించాడు. వణుకు ఆగింది. ఇంజిన్ నడుస్తోందా లేదా అన్నంత మెత్తగా తిరుగుతోంది.

కొత్తగా బిగించినప్పుడల్లా పైపు రెండు పేర్లూ చెబుతుంది.

"ముందు బిగించింది జిలానీ. ఇప్పుడు బిగించింది జిలానీ."

ఈసారి ఏ చప్పుడూ అడ్డం రాలేదు. ఏసోబు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.