చెలమ దగ్గర ముంగిస

ఆ ఎండాకాలం అడవిలో వాగు ఎండిపోయింది. ఇసుకలో రెండే చెలమలు మిగిలాయి. ఒకదానికి ఎలుగుబంటి పెద్ద, రెండోదానికి ముంగిస.

ఎలుగుబంటి తన దగ్గరికొచ్చిన ప్రతి జంతువుకూ ఒక కోతిని పెట్టింది. జంతువు తాగి వెళ్లేదాకా కోతి పక్కనే నిలబడాలి. ఊరికే నిలబడలేక ఆ కోతులూ తాగాయి. మధ్యాహ్నానికల్లా అక్కడ కోతులే తప్ప నీళ్లు లేవు.

"ఈ మందంతా ఎందుకు? బుర్ర ఉంటే నేనొక్కణ్ణే చాలు," అని ముంగిస వెక్కిరించింది. అన్నట్టే, ఒకరి దొన్నెకు సరిపడా నీళ్లు చెలమలో ఊరేలోపు ఇంకొకరికి నిండిన దొన్నె అందించేది. జంతువులన్నీ ఇటొచ్చి వరస కట్టాయి.

ఇంతలో దున్నపోతు వచ్చి, "ఎంత పనిమంతుడివయ్యా!" అని పొగడటం మొదలుపెట్టింది. ముంగిస చేతిలో దొన్నెతో అలాగే నిలబడి వింటోంది.

"మామా, నీళ్లు!" అని వెనక నుంచి అరిచారు.

"ఉండండర్రా, మాట్లాడుతున్నాను కదా!"

వరసలో లేడిపిల్ల సొమ్మసిల్లి పడిపోయింది. ముంగిస ఉలిక్కిపడి పరుగెత్తింది. తల్లిలేడి దొన్నె లాక్కుని పిల్ల నోట్లో నీళ్లు పోసింది. పిల్ల కళ్లు తెరిచాక తల్లి ముంగిస వైపు తిరిగింది.

"ఎలుగు దగ్గర అందరికీ కోతులున్నాయి, నీళ్లు లేవు. నీ దగ్గర నీళ్లున్నాయి, నువ్వే లేవు. దాన్ని వెక్కిరించడానికి నోరెలా వచ్చింది మామా?"

ఖాళీ దొన్నె ముంగిస ముందు పడేసి, కాస్త దూరంలో తనే గిట్టలతో ఇసుక తవ్వసాగింది. వరసలోని వాళ్లంతా వెళ్లి సాయం పట్టారు.

దున్నపోతు మాత్రం ఇంకా పొగుడుతూనే ఉంది.