సగం నినాదం

ఎమ్మెల్యే నరసింహప్ప పొద్దున పదకొండు గంటల లోపల హైదరాబాదుకు బయలుదేరాలి. ఆ సాయంత్రమే అసెంబ్లీలో బోర్ల బిల్లు మీద ఓటింగ్. ఒక్క ఓటు తగ్గినా బిల్లు పడిపోయేట్టుందని పేపర్లు రాశాయి.

ఇంటి ఆవరణలో కారు తయారుగా ఉంది. గేటు బయట నలభైమంది ఆడవాళ్లు బైఠాయించి ఉన్నారు.

బిల్లు పాసైతే తాగునీటి బోరుకు దగ్గర్లో ఎవరూ కొత్త బోరు వేయకూడదు. ఆ ఆడవాళ్లలో ఒకరైన నల్లమ్మ తోటను ఆనుకునే పంచాయతీ తాగునీటి బోరు ఉంది. ఆమె సొంత బోరు మాఘమాసంలోనే ఎండిపోయింది. ఏడేళ్లు సాకిన రెండు వందల చీనీ బత్తాయి చెట్లు ఆకులు ముడుచుకుని నిలబడ్డాయి. ఈ బిల్లు గెలిస్తే చెట్లు కొట్టి పొయ్యిలోకి పెట్టుకోవడమేనని ఆమె పది రోజులుగా కనిపించిన వాళ్లందరికీ చెబుతోంది.

వీళ్లందరినీ కూడగట్టింది లక్ష్మీదేవమ్మ. యాభై దాటిన మనిషి. ఇంగ్లీషులో ఉన్న బిల్లు కాపీ తెచ్చి, నల్లమ్మ తోటలోనే అందరినీ కూర్చోబెట్టి, ఒక్కో సెక్షనూ తెలుగులో విడమరిచి చెప్పింది. పేపర్ల వాళ్లకే దొరకని ఆ కాపీ ఆమెకు ఎక్కడ దొరికిందని ఎవరూ అడగలేదు.

ఏర్పాట్లు కూడా ఆమెవే. ఎమ్మెల్యే దొడ్డివాకిలి గుండా జారుకుంటాడని ముందే పసిగట్టి, అక్కడ ఆరుగురిని కాపలా పెట్టింది. పదిన్నరకు ముందు ఆ మనిషి గడప దాటడనీ, అందాకా గొంతులు అరగదీసుకోవద్దనీ చెప్పి అందరికీ మజ్జిగ పోయించింది. సరిగ్గా పదిన్నరకు తలుపు తెరుచుకుంది. ఎమ్మెల్యే గేటు వైపు ఒక చూపు చూసి, మళ్లీ మూసుకున్నాడు.

ఎమ్మెల్యే పొద్దున్నుంచి కాఫీ కూడా తాగలేదని డ్రైవరు చెప్పాడు. లక్ష్మీదేవమ్మ "పాపం" అంది. అంది గానీ కదల్లేదు.

ఎస్సై శ్రీకాంత్ కోస్తా నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చి మూడు రోజులైంది. ఎమ్మెల్యే స్వయంగా అతనికి ఫోన్ చేశాడు. గేటు ముందు ఆడవాళ్లను తీసేయాలన్నాడు. ఎవరి మీదా చెయ్యి పడకూడదని రెండుసార్లు చెప్పాడు. వాళ్ల లీడరెవరని ఎస్సై అడిగాడు. "అది నువ్వే కనుక్కోప్పా," అని ఫోన్ పెట్టేశాడు.

కనుక్కోవడం కష్టం కాలేదు. నినాదాలన్నీ ఆమే ఎత్తుకుంటోంది.

"బోర్ల బిల్లు!" అంటుంది లక్ష్మీదేవమ్మ.

"వద్దు, వద్దు!" అంటారు అందరూ.

ఒక్క నినాదం దగ్గర మాత్రం ఆమె ఆగి, నల్లమ్మను మోచేత్తో పొడుస్తుంది. నల్లమ్మ "ఎమ్మెల్యే నరసింహప్పా" అని ఎత్తుకుంటే, "డౌన్ డౌన్" అనడంలో మళ్లీ లక్ష్మీదేవమ్మదే అందరికంటే పెద్ద గొంతు.

"ఇంకా గట్టిగా అనుమే. లోపలికి వినపడాల," అంది నల్లమ్మతో.

పేరెత్తితే కేసవుతుందని జాగ్రత్త పడుతోంది, గట్టి మనిషే, అనుకున్నాడు ఎస్సై.

ఇంతలో గన్‌మన్ లోపలి నుంచి వచ్చి, ఆమె చెవి దగ్గర వంగి ఏదో అడిగాడు. ఆమె తల తిప్పకుండానే "రెండో అరలో" అంది. అతను లోపలికి పరిగెత్తాడు. ఏదో రాయబారం నడుస్తోందనీ, ఇది కోడ్ మాటయి ఉంటుందనీ ఎస్సై చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

"సార్, ఆయమ్మ..." అని కానిస్టేబుల్ ఎర్రన్న నసిగాడు.

"ఎవరైనా నాకొకటేనయ్యా. లిస్టు రాసి వ్యాన్ ఎక్కిద్దాం."

జీపు బానెట్ మీద రిజిస్టరు తెరిచాడు. పేరు, ఊరు, భర్త పేరు. మూడు గడులూ నిండందే ఎవరినీ వ్యాన్ ఎక్కించకూడదని ట్రైనింగులో నేర్పారు. అతను నేర్చుకున్నాడు.

మొదట నల్లమ్మ. పేరు చెప్పింది, ఊరు చెప్పింది. భర్త పేరు అడిగేసరికి నేల చూసింది. పక్కనున్న బయమ్మ "ఆదెన్న" అని అందించింది. బయమ్మ వంతు వచ్చింది. ఈసారి బయమ్మ నేల చూసింది, నల్లమ్మ అందించింది. మూడో ఆమె సంగతి పక్కవాళ్లకు తెలియక, దొడ్డివాకిలి దగ్గర కాపలా ఉన్న ఆమె వదినను పిలిపించాల్సి వచ్చింది.

"ఏంటయ్యా ఇది?"

"ఈడ ఆడోళ్లు మొగుని పేరు నోటితో పలకరు సార్. పక్కనోళ్లు చెప్పాల," అన్నాడు ఎర్రన్న.

ఆ లెక్కన నలభైమందికి గంటన్నర పట్టింది. పన్నెండు దాటింది. కారులో డ్రైవరు నిద్రపోయాడు. లోపల కిటికీ కర్టెన్ నాలుగుసార్లు తొలిగి, నాలుగుసార్లు పడింది.

చివరికి లక్ష్మీదేవమ్మ ఒక్కతే మిగిలింది.

"పేరు?"

"లక్ష్మీదేవమ్మ, బి.ఏ."

"ఊరు?"

"ఇదే."

"భర్త పేరు?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకాల నలభైమందీ కిసుక్కున నవ్వారు.

"చదువుకున్నవారు కదమ్మా, మీరూనా?"

"బి.ఏ.లో అది నేర్పలేదు నాయనా."

ఎర్రన్నకు ఉన్నట్టుండి జీపు టైర్లలో గాలి చూడాలని గుర్తొచ్చింది. వెనక టైరు దగ్గర కూర్చుండిపోయాడు.

ఎస్సై చెమట తుడుచుకుని, పెన్ను పట్టుకుని నల్లమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. ఈ ఒక్క పేరు రాసేస్తే మిమ్మల్ని వ్యాన్ ఎక్కించి, సార్ కారుకి దారి ఇప్పిస్తాను."

"దానికేముండాది సార్," అంది నల్లమ్మ, "పొద్దున్నుంచి మేమంతా డౌన్ డౌన్ అంటాండే పేరే రాసుకోండి."