ఠాణాలో రోము చరిత్ర

“సర్కారును కూలగొట్టుడు ఎట్లనో ఈ బుక్కుల రాసి ఉన్నదట. నిజమేనా?”

ఎస్సై చేతిలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. చేవెళ్లలోని ఆ చిన్న ఇంట్లో పోలీసులు వెతికింది దానికోసమే.

“అది రోము చరిత్ర సార్. రెండు వందల ఏండ్ల కింద ఒక ఇంగ్లీషు పండితుడు రాసిండు. కూలింది రోము సర్కారు,” అన్నాడు స్వామిదాసు. అతను పట్నంలో ఎం.ఏ. చదువుతున్నాడు. తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడి ఇంటికొచ్చాడు.

“అదంత రేపు పొద్దుగాల ఠాణాకొచ్చి చెప్పు. రాకుంటే కేసు రాస్త.”

“పుస్తకం మీద కేసేంది సారూ? మా పిలగాడేం జేసిండు?” తల్లి ధనమ్మ అడ్డంపడింది. ఎస్సై వినిపించుకోకుండా పుస్తకంతో సహా జీపెక్కాడు.

“అది కాలేజీ పుస్తకం అవ్వా. పోతే నన్ను పరీక్షకు కూసోనియ్యరు. ఎవడో గిట్టనోడు ఠాణాల చెప్పిండు,” అన్నాడు స్వామిదాసు.

మరునాడు పొద్దున మొయినాబాదులో దోస్తు సాలోమోను లారీతో ఎదురుచూస్తుంటాడు. అక్కడి నుంచి అందరూ పట్నంలో తెలంగాణ ఊరేగింపుకు పోవాలి. తుపాకులు పేలుతున్నాయి, పోవద్దని ధనమ్మ వారం నుంచి బతిమాలుతూనే ఉంది. ఠాణాలో పని తొందరగా తెముల్చుకుని సైకిల్ తొక్కితే లారీ అందుతుందనుకున్నాడు.

కానీ ఠాణాలో ఎస్సై వదల్లేదు.

“మరి రోము ఎందుకు కూలింది?”

“చానా కారణాలు రాసిండు సార్. మా క్రీస్తు మతం గూడ ఒక కారణమన్నడు.”

“పాదిరీలు ఊకున్నరా?”

“ఊకుంటరా? పుస్తకాలు రాసి మరీ తిట్టిండ్రు. ఆయన గూడ జవాబు రాసిండు.”

“ఏమని?”

ఎస్సై చాయ్ తెప్పించాడు. మళ్లీ మొదటికొచ్చి అడిగాడు. పొద్దు వాలాక పుస్తకం చేతికిచ్చి, “దీంట్ల తప్పేం లేదు, పో,” అన్నాడు.

అప్పటికే లారీ పట్నం పోయి తిరిగొచ్చింది. సాలోమోను రాలేదు. ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి. ముందు వరుసలో ఉన్న అతను అక్కడే ప్రాణం విడిచాడు.

స్వామిదాసు పుస్తకాన్ని గోడకేసి కొట్టాడు. “వాడు, నేను పక్కపక్కన నడుస్తమనుకున్నం అవ్వా. ఠాణాల చెప్పినోడెవడో దొరికితే ఇడువ!”

ధనమ్మ పుస్తకం తీసి దుమ్ము దులిపింది. కొడుకు పక్కన కూర్చుని అతని తలను ఒళ్లోకి తీసుకుంది.

ఠాణాలో చెప్పింది ఆమే.